వరుస సంఖ్య

జగన్నాథగట్టు మీద మా తరగతి.
మార్చి నెల. ఫ్యాన్లు తిరుగుతాయి గానీ గాలి రాదు.
షమీమ్ మేడం బోర్డు మీద ఏడు అరలు గీసి
"పై అర, కింద అర కష్టం అడగదు
కింద అర, పై అర మాట విప్పి చూడదు" అంటుంది.
మా ఇంట్లోనూ అంతే మేడం, అని వెనక బెంచీ నుంచి సుంకన్న.
నవ్వినాం. ఆమె కూడా.

మొదటి వారం కరచాలనం.
నేను పలకరిస్తా. విన్నానని నువ్వు పలుకుతావు.
నువ్వు పలికింది విన్నానని నేను మళ్లీ చెప్తా.
మూడు మాటలైతే గానీ అసలు మాట మొదలవదు.
డోన్ స్టేషన్లో ఫోన్ పట్టుకొని అరిచే మా చిన్నాయన గుర్తొచ్చినాడు:
"ఇనపడ్తాందా? నాకు ఇనపడ్తాంది. నీకు?"
ఇంతలో రైలొచ్చేది.

అంతవరకూ బుర్రకెక్కింది.
ముక్కల దగ్గర ఆగిపోయినా.
ఒక మాటను ఎందుకు నరకాలి?
నరికినవి ఒకే దారిన ఎందుకు పోవు?
ఆఖరు ముక్క ముందొచ్చి
మొదటిది దారిలో చస్తే
అవతలివాడు ఏం చదువుకోవాలి?
"అందుకే నంబరు" అని మేడం ఒక్క మాటలో తేల్చేసి
హాజరు పిలిచింది.

సాయంత్రం హాస్టల్ వెనక నడుచుకుంటూ
గుడి దాకా పోయినా.
ఈ గట్టున పుట్టిన గుడి కాదది.
శ్రీశైలం డ్యాం నీళ్లు వెనక్కి తన్నినప్పుడు
కృష్ణ ఒడ్డున విప్పి, లారీలకెత్తి
ఇక్కడ మళ్లీ పేర్చిన గుడి.
ఉసేనప్ప గడ్డి కోస్తున్నాడు.
అప్పుడాయనకు పద్నాలుగేళ్లంట.
తెల్లరంగు డబ్బా, ఈతపుల్ల కుంచె,
రోజుకు మూడు రూపాయల కూలి.
పని, రాళ్ల మీద అంకెలేయడం.

"తూర్పు గోడ, మూడో వరస, పదకొండో రాయి.
ఇట్ల రాసేది. అన్నీ ఒగ లారీలో పట్టవు గదమ్మా.
ఒగటి నందికొట్కూరు మింద, ఒగటి ఆత్మకూరు మింద.
శిఖరం రాయి ముందొచ్చి ఈడ ఎండలో పండుకొనేది
పునాది రాయి వారానికొచ్చేది.
అంకె ఉంటే భయం ల్యా.
యా రాయి ఎప్పుడొచ్చినా దాని సోటు దానికుంటాది."

నోట్సు తీసి ఆయన చేతికే ఇవ్వాలనిపించింది.
"రానిది ఏదన్నా ఉందా తాతా?"
కొడవలి పక్కన పెట్టి
మండపంలోకి తీసుకపోయి పైకి చూపించినాడు.
మాసిన పాత రాళ్ల నడుమ
నున్నగా ఒక బేతంచెర్ల బండ.
"లెక్కలో ఒగటి తక్కువొచ్చె.
మల్లా పంపీండని సీటీ పంపిస్తిమి.
నాలుగు దినాలు సూస్తిమి. మల్లొక సీటీ.
పోయినోడు తిరిగొచ్చి సెప్పె,
అడిగేదానికి ఆడ ఊరు ల్యా, నీళ్లుండాయని."

మా పుస్తకంలో దీనికీ పేరుంది, గడువు తీరడం.
పంపి, ఆగి, మళ్లీ పంపి, అంతకు రెట్టింపు ఆగి
చివరికి తెంచుకోవడం.

"మరి మీ ఇల్లు?"
"ఇంటి రాళ్లకు ఎవురేస్తారమ్మా అంకెలు."
పెదనాయన వాళ్లు గద్వాల పక్క.
మేనత్త బళ్లారి తట్టు పత్తి కోతకు పోయి ఆడనే.
పీర్ల పండక్కి తన పక్కన డప్పు కొట్టినవాడు
యాడుండాడో, ఉండాడో లేడో.
ఊరు కూడా ముక్కలై అన్ని దారులా పోయింది.
అవతల కూచుని పేర్చేవాడే లేడు.

తరువాతి వారం మేడం ఆ పద్ధతీ చెప్పింది.
పంపుతారు. చేరిందా అని అడగరు.
వేగం ఎక్కువ, బరువు తక్కువ.
క్రికెట్ చూసుకోవడానికి బాగా పనికొస్తుంది.

పరీక్షలో ఏడో ప్రశ్న, ఎనిమిది మార్కులు.
టీసీపీకి, యూడీపీకి తేడాలు రాయుము.
గీతలు కొట్టి ఐదు రాసి
ఆరోదిగా ఆ బండ సంగతి రాసినా.
ఐదున్నర వేసింది.
పక్కన ఎర్ర ఇంకుతో, "పటం ఏది?"
దాని కింద పెన్సిల్‌తో, చెరిపేద్దామనుకొని మరిచినట్టు,
"రాని రాయి నంబరెంత?"

పోయి అడిగినా.
గడ్డి కోస్తానే, తలెత్తకుండా చెప్పినాడు:
"మండపం కప్పు. రెండో వరస. పంతొమ్మిది."